మా చిన్న లెర్నింగ్ సెంటర్‌కి సేఫ్టీ పాలసీ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సందేహాలపుట్ట అడిగిన ప్రశ్న:

నమస్తే అందరికీ. నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి, మామూలు బడిలో ఇమడలేకపోయిన పిల్లల కోసం ఒక చిన్న సెంటర్ నడుపుతున్నాం. పదేళ్ల వాళ్ల నుంచి పదిహేడేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. కొందరు బడి మానేశారు, కొందర్ని బడులే పంపించేశాయి. ఇంకొందరు ఇంట్లో చదువుకుంటూ వారంలో కొన్ని రోజులు మా దగ్గరికి వస్తారు. గంట కొట్టడం లేదు, యూనిఫాం లేదు. ఇన్నాళ్లూ మా రూల్స్ అంటే గోడ మీద పిల్లలు రాసుకున్న ఒక చార్టు, అంతే. అందులో ఒక రూలు, పిల్లి నిద్రపోతున్నప్పుడు డ్రమ్ వాయించకూడదని. ఆ ఒక్కటీ మాత్రం అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు.

ఈమధ్య ఇన్సూరెన్స్ వాళ్లు సేఫ్టీ పాలసీ, ప్రవర్తన నియమావళి పంపమన్నారు. వాళ్ల సంగతి సరే. కొత్తగా చేరబోయే ఒక అబ్బాయి వాళ్లమ్మగారు అడిగిన మాట మాత్రం నన్ను వదలట్లేదు. "మావాడికి ఏదైనా అయితే మీలో ఎవరు ఫోన్ చేస్తారు? ఎంతసేపట్లో చేస్తారు?" అన్నారు. ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

నెట్‌లో ఒక నమూనా పాలసీ దొరికింది, 46 పేజీలు. పేరు మార్చి ప్రింట్ తీసి పంపిస్తే ఇన్సూరెన్స్ పని అయిపోతుంది. కానీ దాన్ని మా మెంటర్లు చదవరు, నేనే రెండు సార్లు నిద్రపోయాను.

నా సందేహాలు ఒక వరసలో లేవు, ఏమీ అనుకోకండి. మా దగ్గర ఒక కుర్రాడు కోపం వస్తే కుర్చీలు విసురుతాడు. పట్టుకుని ఆపొచ్చా? "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను" అని పిల్లలు మొదలుపెడితే ఏమనాలి? మెంటర్లకీ పిల్లలకీ మధ్య రాత్రిపూట కూడా వాట్సాప్ నడుస్తుంటుంది, మంచి ఉద్దేశంతోనే. దాన్ని ఆపాలా? మెంటర్ ఒకరు, పిల్లవాడు ఒకడు కూర్చుని మాట్లాడుకోవడం మా పద్ధతికి ప్రాణం. తలుపు తీసి ఉంచాలంటే అది పోతుందేమో. చివరిది, అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది: ఎవర్నైనా పంపించెయ్యాల్సి వస్తే? మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అలా గెంటించుకుని వచ్చినవాళ్లే కదా.

రూల్స్ వల్ల నలిగిపోయి వచ్చిన పిల్లల మీద మళ్లీ రూల్స్ పుస్తకం పెట్టాలంటే చెయ్యి రావట్లేదు.

అట్టఫైలు ఇచ్చిన జవాబు:

ఆ 46 పేజీలు పక్కన పెట్టండి. పారెయ్యక్కర్లేదు, రికార్డులు ఎలా దాచాలో చెప్పే భాగం ఎప్పుడైనా పనికొస్తుంది. నేను చాలా ఏళ్లు ఇలాంటి సెంటర్లలో పిల్లల రక్షణ బాధ్యత చూశాను. ఇప్పుడు వేరే సెంటర్ల పాలసీలు చదివి ఎక్కడ చిల్లులున్నాయో చెప్పే పని చేస్తున్నాను. దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు. పిల్లలు ఎలా ఉండాలో ఇరవై పేజీలుంటుంది, పెద్దవాళ్లు ఎలా ఉండాలో ఒక పేరా. ఆ పేరాలో "సిబ్బంది ఉన్నత విలువలు పాటించవలెను" అని ఉంటుంది. దాన్ని మీరినట్టు ఎవరి మీదా రుజువు చెయ్యలేం, ఎందుకంటే ఫలానాది చెయ్యకూడదని అందులో ఎక్కడా లేదు.

మీరు దాన్ని తిరగెయ్యండి. మొదట పెద్దవాళ్ల నియమావళి రాయండి, రెండు పేజీలు. పిల్లలది అర పేజీ చాలు, అది మీ చార్టు నుంచే తీసుకోండి. అప్పుడు మీ చివరి బాధ కూడా సగం తగ్గుతుంది. ఆ పిల్లల్ని నలిపింది వాళ్లకి మాత్రమే వర్తించే రూల్స్. మెంటర్ ఏం చెయ్యకూడదో గోడ మీద కనపడితే వాళ్లకి ఊపిరాడుతుంది.

ఆ తల్లిగారు అడిగారు చూశారూ, పాలసీ అంటే ఆ ప్రశ్నకి జవాబే. రాసిన ప్రతి వాక్యాన్నీ ఆవిడ ముందు పెట్టినట్టు ఊహించుకోండి. "తగు చర్యలు తీసుకోబడును" అంటే ఆవిడ "ఎవరండీ తీసుకునేది?" అంటుంది. పేరు రాయండి, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకో పేరు రాయండి, ఎన్ని నిమిషాల్లోనో రాయండి.

ఇంకోటి, స్వేచ్ఛ ఇచ్చే చోట భద్రత మీద కూడా పిల్లలతో ఓటు వేయించాలా అని కొందరు మథనపడుతుంటారు. అక్కర్లేదు. 1921లో జర్మనీలో మొదలై, తర్వాత ఇంగ్లండ్‌కి మారి ఇప్పటికీ నడుస్తున్న సమ్మర్‌హిల్ స్కూల్లో చిన్నపిల్లకీ హెడ్‌కీ సమావేశంలో ఒక్కో ఓటే ఉంటుంది. అక్కడ కూడా ఆరోగ్యం, భద్రత తాలూకు విషయాలు పెద్దవాళ్ల చేతిలోనే ఉంటాయి. అమెరికాలో 1968లో మొదలైన సడ్బరీ వ్యాలీ అనే బడిలో ఫిర్యాదుల్ని విచారించే కమిటీలో పిల్లలు కూడా కూర్చుంటారు, కానీ దానికి రాతపూర్వకమైన రూల్స్, ఒక పద్ధతి ఉన్నాయి. స్వేచ్ఛకి పేరుపడ్డ బడులే రూల్స్‌ని ఇంత సీరియస్‌గా తీసుకున్నాయన్న సంగతి మీ మెంటర్లకి చెప్పండి, వాదనలు తగ్గుతాయి.

ఇక మీ ప్రశ్నలు. రహస్యం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది ఏ రోజైనా రావచ్చు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. ఏమనాలో మెంటర్లందరికీ ఒకటే మాట నేర్పండి. నేను వాడేది ఇది: "నువ్వు చెప్పింది నలుగురిలో పెట్టను. కానీ నీకో ఇంకెవరికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చెయ్యగల ఒకరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను." కొందరు అక్కడితో ఆగిపోతారు. ఆగనివ్వండి. నిజం చెప్పినవాళ్ల దగ్గరికి మళ్లీ వస్తారు, మాట తప్పినవాళ్ల దగ్గరికి రారు.

చెప్పడం మొదలుపెడితే వినండి. "ఏం జరిగింది?", "తర్వాత?" లాంటి ప్రశ్నలు తప్ప వేరేవి వద్దు. "ఆయన నిన్ను ముట్టుకున్నాడా?" అని జవాబు మన నోట్లోంచే అందించకూడదు. అమెరికాలో 1980లలో, పిల్లల మీద లైంగిక నేరాలు జరిగాయన్న ఆరోపణలతో మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసని ఒకటి నడిచింది. పిల్లల్ని జవాబులు అందించే తీరులో ప్రశ్నించారన్న విమర్శ ఆ కేసుకి పెద్ద దెబ్బ. ఏళ్ల తరబడి సాగి, 1990లో ఎవరికీ శిక్ష పడకుండానే ముగిసింది. ఏది నిజమో తేల్చుకునే దారి కూడా ఆ ప్రశ్నలతోనే మూసుకుపోయింది. కాబట్టి విచారణ మీ పని కాదు. పిల్ల వాడిన మాటలు వాడినట్టే అదే రోజు రాసి, తేదీ, సమయం వేసి, సంతకం పెట్టి, సెంటర్‌లో పిల్లల రక్షణ బాధ్యత ఉన్న మనిషికి ఇవ్వడం మీ పని. ఎవరి మీద చెప్పిందో ఆ మనిషికి ఫోన్ చేసి "ఇది నిజమేనా" అని అడగొద్దు. మనవాళ్లలో చాలామంది మర్యాద అనుకుని మొదట చేసేది అదే.

అక్కణ్నుంచి ఎవరికి చెప్పాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఇండియాలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాళ్ల సంగతి దాచిపెడితే శిక్ష ఇంకా ఎక్కువ. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ బాధ్యత టీచర్లు, డాక్టర్లు లాంటి కొన్ని వృత్తులవాళ్ల మీద ఉంటుంది. మీరున్న చోట ఏముందో తెలుసుకుని, ఆ నంబర్లు పాలసీ మొదటి పేజీలోనే వెయ్యండి. "సంబంధిత అధికారులు" అని రాయొద్దు.

తలుపు గురించి. విడిగా కూర్చుని మాట్లాడుకోవడం మానక్కర్లేదు. కనపడాలి, వినపడక్కర్లేదు, అంతే సూత్రం. తలుపుకి అద్దం పెట్టించండి, లేదా అందరూ తిరిగే హాల్లో ఒక మూలన కూర్చోండి. ఎవరు ఎవరితో ఏ టైముకి కూర్చుంటున్నారో ఒక పుస్తకంలో ఉండాలి.

వాట్సాప్ గురించి నాది కరకు మాటే. విడి మెసేజ్‌లు వద్దు. సెంటర్ ఫోన్ ఒకటి పెట్టండి, దాన్ని ఇద్దరు పెద్దవాళ్లు చూడగలగాలి. మెంటర్ సొంత నంబర్‌కి పిల్ల మెసేజ్ చేస్తే జవాబు సెంటర్ ఫోన్ నుంచి వెళ్లాలి. మాయమైపోయే మెసేజ్‌ల సెట్టింగ్ అసలు వాడకూడదు. మెంటర్లు నొచ్చుకుంటారు, "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అంటారు. పిల్లల్ని వలలో వేసుకునేవాడు మొదట నమ్మించేది పిల్లల్ని కాదు, చుట్టూ ఉన్న పెద్దవాళ్లని. అందరికన్నా ఎక్కువ ఓపిక, అందరికన్నా ఎక్కువ సాయం చేసే మనిషిగానే కనపడతాడు. ఎవరు అలాంటివాళ్లో మొహం చూసి చెప్పలేం. అందుకే రూలు అందరికీ ఒకటే.

ఇప్పుడు మీరు అడగని దాని దగ్గరికి వస్తాను. మీరు ముగ్గురు స్నేహితులు. మీ ముగ్గురిలో ఒకరి మీద ఫిర్యాదు వస్తే ఎవరు తీసుకుంటారు? చిన్న సెంటర్లన్నిటికీ ఇదే బలహీనత. పెద్ద బడిలో కనీసం ఎవరూ ఎవరికీ చుట్టం కారు. మీ దగ్గర ఫిర్యాదు చెయ్యాల్సిన పిల్ల, ఆ ఫిర్యాదు వినే మనిషి, ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి, ముగ్గురూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తింటారు. కాబట్టి బయటి మనిషి ఒకరు కావాలి. మీకు స్నేహితులు కాకూడదు, మీ దగ్గర జీతం తీసుకోకూడదు, మీకు డబ్బిచ్చేవాళ్లు కూడా కాకూడదు. రిటైరైన టీచరో, సోషల్ వర్కరో, లాయరో ఎవరైనా సరే. వాళ్ల నంబర్ పిల్లలకి, తల్లిదండ్రులకి తెలియాలి. "సెంటర్‌లో ఏ పెద్దవాళ్ల మీదైనా, ఈ సెంటర్ పెట్టినవాళ్ల మీదైనా సరే, నేరుగా ఈ నంబర్‌కి చెప్పొచ్చు" అన్న వాక్యం గోడ మీద ఉండాలి. నాకు తెలిసిన ఒక సెంటర్‌లో మిగతావన్నీ బ్రహ్మాండంగా రాసుకున్నారు, ఇదొక్కటి లేదు. ఒక అమ్మాయి చెప్పిన సంగతి వ్యవస్థాపకుల మధ్య "మనోడు అలాంటివాడు కాదు" అన్న మాటతో ఆగిపోయింది. ఆ అమ్మాయి బడి మారింది, మనోడు ఉండిపోయాడు.

కొత్త మెంటర్‌ని తీసుకునేటప్పుడు పోలీస్ వెరిఫికేషన్ అవసరమే, కానీ అది పట్టుబడ్డవాళ్లని మాత్రమే చూపిస్తుంది. ఇంతకుముందు పనిచేసిన చోటికి మీరే ఫోన్ చెయ్యండి. "పిల్లలతో పనికి ఈయన్ని మళ్లీ తీసుకుంటారా?" అని అడిగి ఊరుకోండి. జవాబు కన్నా ముందు వచ్చే మౌనం ఎంతసేపుందో వినండి. వాలంటీర్లకీ, వారానికోసారి వచ్చి గిటార్ నేర్పే ఆయనకీ కూడా ఇదే.

కుర్చీల కుర్రాడి సంగతి విడిగా రాస్తాను, లేదా ఇంకెవరైనా నాకన్నా బాగా చెప్తారేమో.

గంటలేనిబడి ఇచ్చిన జవాబు:

అట్టఫైలు గారూ, మీరు చెప్పిన వాటిలో చాలావాటితో నాకు పేచీ లేదు. వాట్సాప్ మాటతోనే ఉంది. మా దగ్గర ఒక అమ్మాయి నెలల తరబడి నోరు విప్పలేదు. రాత్రి పూట మెసేజ్‌లోనే మొదటిసారి "బాలేదు" అని రాసింది. సెంటర్ ఫోన్ అయితే రాసేది కాదు. ఇద్దరు చూస్తారని తెలిస్తే పిల్లలు ఎవరికీ చెప్పరు. మనల్ని మనం కాపాడుకోవడానికి రాసుకునే రూల్స్‌కి పిల్లల రక్షణ అని పేరు పెట్టుకుంటున్నామేమో అని నా అనుమానం. ముట్టుకోవద్దు, మెసేజ్ చెయ్యొద్దు, ఒంటరిగా కూర్చోవద్దు అంటూ పోతే చివరికి మనం కూడా వాళ్లు వదిలేసి వచ్చిన బడిలాగే తయారవుతాం.

ఏడుస్తున్న పదేళ్ల పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాలంటే పాలసీ తీసి చూసుకోవాలా?

అట్టఫైలు:

భుజం మీద చెయ్యి వెయ్యండి. నలుగురూ ఉన్నచోట, పిల్లకి ఇష్టమైతే, తన అవసరం కోసం. మీ అవసరం కోసం కాదు. ఈ మూడూ రాసుకుంటే ఆ ప్రశ్న తీరిపోతుంది. ముట్టుకోవడం పూర్తిగా నిషేధించిన పాలసీల్ని నేను కూడా వెనక్కి పంపిస్తాను. ఎవరూ పాటించలేని రూలు పక్కన ఉంటే పాటించగల రూళ్లు కూడా పలచబడిపోతాయి.

మెసేజ్ సంగతిలో మాత్రం కదలను. మీ అమ్మాయి రాసినప్పుడు మీరు జవాబివ్వొద్దని నేను అనట్లేదు. రాత్రి ప్రమాదంలో ఉన్న పిల్ల మెసేజ్ చేస్తే ఎవరైనా జవాబిస్తారు, ఇవ్వాలి. ఆ రాత్రే ఇంకో పెద్ద మనిషికి "ఫలానా పిల్ల ఇలా రాసింది, నేను ఇలా జవాబిచ్చాను" అని ఒక్క ముక్క పంపండి. అప్పుడది రహస్యం కాదు. మీరు పంపుతారు. పంపడానికి ఇష్టపడనివాడి కోసమే ఈ రూలు. ఇంకో సంగతి, ఆ అమ్మాయి మీకే రాసింది. మీకు జ్వరమొచ్చి ఫోన్ చూసుకోకపోతే ఆ రాత్రి ఏమయ్యేది? ఒక పిల్ల క్షేమం ఒకే మనిషి ఫోన్ మీద ఆధారపడటం నాకు మంచి పద్ధతిలా అనిపించదు.

వెనకబెంచీ ఇచ్చిన జవాబు:

కుర్చీల గురించి నేను రాస్తాను. ఎందుకంటే విసిరినవాణ్ని నేనే, ఒకప్పుడు. ఇప్పుడు పెద్దవాణ్ని, ఇలాంటి పిల్లలతోనే పని చేస్తున్నాను.

పట్టుకోవచ్చా అంటే, ఎవరికైనా ఆ క్షణంలో దెబ్బ తగిలే ప్రమాదం ఉండి, ఇంకే దారీ లేనప్పుడు మాత్రమే. మాట వినలేదని పట్టుకోకూడదు, గదిలోంచి వెళ్లనన్నాడని పట్టుకోకూడదు, వస్తువు పగులుతుందని కూడా పట్టుకోకూడదు. కిటికీ అద్దం మళ్లీ వేయించుకోవచ్చు. పట్టుకున్నా బోర్లా పడుకోబెట్టి అదిమి పెట్టడం ఎప్పటికీ చెయ్యకూడదు. వీపు మీద, ఛాతీ మీద, మెడ మీద బరువు పడితే ఊపిరాడదు. అలా మనుషులు చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. "ఊపిరాడట్లేదు" అని అరుస్తున్నాడు కాబట్టి ఆడుతున్నట్టే అని కొందరు అనుకుంటారు. అరవగలగడం, సరిపడా గాలి అందడం ఒకటి కాదు. ఎలా పట్టుకోవాలో శిక్షణ లేనివాళ్లు అసలు ఆ పని చెయ్యకపోవడమే మంచిది.

దానికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది, దాదాపు ఎవరూ చెయ్యరు. వాణ్ని కదిలించొద్దు, మిగతా పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. ప్రేక్షకులు పోతే సగం వేడి పోతుంది, దెబ్బ తగిలే మనుషులూ ఉండరు. పెద్దవాళ్లు ఒకరు తలుపు దగ్గర ఉండాలి, దారికి అడ్డంగా కాకుండా పక్కగా. మాట తక్కువ. "ఎందుకిలా చేస్తున్నావు" అని ఆ టైములో అడిగితే ఎందుకో నాకే తెలిసేది కాదు, ఇంకా మండేది.

నాకు పని చేసింది ఇది. మామూలుగా ఉన్న ఒక రోజున ఒక మేడమ్ నన్ను కూర్చోబెట్టి "నీకు కోపం వచ్చే ముందు నాకు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. కాళ్లు ఊపుతానని చెప్పాను. "అప్పుడు నేను ఏం చేస్తే నీకు నయం?" అంది. ఏమీ అనకుండా తలుపు తెరిచి పెట్టమన్నాను. అది కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం. తర్వాత కూడా విసిరాను, అబద్ధం ఎందుకు. కానీ తలుపు తెరిచి ఉన్న రోజుల్లో ఎక్కువసార్లు బయటికే వెళ్లాను. ఆ కాగితం కూడా మీ పాలసీలో భాగమే అనుకోండి, ఒక్క పిల్లవాడి కోసం రాసింది.

అయిపోయిన తర్వాత రెండు పనులున్నాయి. ఏం జరిగిందో రాసి అదే రోజు తల్లిదండ్రులకి చెప్పడం ఒకటి. పట్టుకోవాల్సి వస్తే ఎవరు, ఎలా, ఎంతసేపు పట్టుకున్నారో కూడా రాయాలి. రెండోది, వాడు చెప్పేది కూడా ఆ రిపోర్టులో ఉండాలి. పిల్లలకి సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం ఉంది. బడి క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టు ఉండాలని 28వ దాంట్లో ఉంది. నా గురించి రాసిన ఏ రిపోర్టులోనూ నా మాట ఒక్కటి కూడా లేదు. అన్నీ "హఠాత్తుగా, కారణం లేకుండా" అనే మొదలయ్యాయి.

పంపించెయ్యడం గురించి. ఎప్పటికీ పంపం అని రాయొద్దండి, మాట నిలబెట్టుకోలేరు. వేరే పిల్లలకి ప్రమాదమైతే పంపాల్సి రావచ్చు. కానీ పంపే నిర్ణయం గొడవ జరిగిన రోజున తీసుకోకూడదని రాసుకోండి. గొడవలో ఉన్న మనిషి ఒక్కరే తీసుకోకూడదని కూడా. ఇంకో చోటు దొరికేదాకా వారానికి కొన్ని గంటలైనా చదువు ఆగకూడదని రాయండి. నన్ను పంపిన చోట్ల ఒక్కటి కూడా "తర్వాత ఎక్కడికి వెళ్తావు?" అని అడగలేదు. ఇక "ఇంటికి పంపించండి, నెమ్మదించాక తీసుకురండి" అని తల్లికి ఫోన్ చేసి, అది ఎక్కడా రాయకపోవడం ఉంది చూశారూ, అది కూడా గెంటెయ్యడమే. రాయకుండా ఎవర్నీ ఇంటికి పంపొద్దు.

నర్సక్క ఇచ్చిన జవాబు:

అందరూ ప్రవర్తన గురించే రాశారు. నేను వైద్యం వైపు నుంచి కొంచెం. ఆ తల్లిగారు అడిగింది నిజానికి దీని గురించే అయ్యుండొచ్చు.

చేరేటప్పుడే ప్రతి పిల్లకీ ఒక కాగితం తీసుకోండి: అలర్జీ, ఆస్తమా, ఫిట్స్, వాడే మందులు, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఇద్దరివీ ఒకే ఇంట్లో ఉండేవాళ్లవి కాకపోతే మేలు. పిల్లని ఎవరు తీసుకెళ్లొచ్చో, ఎవరు తీసుకెళ్లకూడదో కూడా. విడిపోయిన తల్లిదండ్రులున్న చోట ఇది పెద్ద విషయం. ఈ కాగితం కంప్యూటర్‌లో మాత్రమే ఉంటే కరెంటు పోయినప్పుడు ఉపయోగం లేదు. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఒక నకలు సంచిలో ఉండాలి.

ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టొద్దు, పట్టుకుని ఆపొద్దు. తల కింద మెత్తటిది పెట్టి, టైము చూసుకోండి. ఐదు నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా అంబులెన్స్. ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కాలితే పారే మామూలు చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. ఐసు వద్దు, పేస్టు వద్దు. తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్ల దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే అది తొడ బయటి వైపు ఇవ్వాలి, వెంటనే అంబులెన్స్ పిలవాలి. పిల్లని లేపి నడిపించకూడదు. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే, రెండోది ఉంటే ఇవ్వాలి. అందుకే ఆ ఇంజెక్షన్ తాళం వేసిన బీరువాలో ఉండకూడదు. మిగతా మందులన్నీ తాళంలో, ఇదీ ఆస్తమా ఇన్‌హేలరూ మాత్రం చేతికందేచోట. చాలా పాలసీలు "మందులన్నీ తాళంలో ఉంచవలెను" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాయి, దాంతోనే ప్రమాదం.

మందు ఇస్తే పిల్ల పేరున్న అసలు డబ్బాలోంచే ఇవ్వాలి, ఇంకొకరు పక్కనుండి చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. విడి మాత్ర కాగితంలో చుట్టి పంపిస్తే తీసుకోవద్దు.

అంబులెన్స్ మొదటి ఫోన్, తల్లిదండ్రులు రెండో ఫోన్. "ముందు వాళ్లమ్మని అడుగుదాం" అని ఆగినవాళ్లని చూశాను. ఆగొద్దు. అయితే ఒక్కరే రెండూ చెయ్యరు కదా. ఎవరు పిల్ల దగ్గర ఉంటారు, ఎవరు ఫోన్లు చేస్తారు, ఎవరు గేటు దగ్గర నిలబడి అంబులెన్స్‌కి దారి చూపిస్తారు, ఎవరు మిగతా పిల్లల్ని చూసుకుంటారు అని ప్రతి రోజూ పొద్దున బోర్డు మీద పేర్లు రాయండి. మీ సెంటర్‌లో ఏ రోజైనా ఇన్ని పనులకి సరిపడా పెద్దవాళ్లు లేరంటే, అది పాలసీతో తీరే సమస్య కాదు. ఆ రోజు పిల్లల సంఖ్య తగ్గించాలి.

అగ్నిప్రమాదం డ్రిల్ చెప్పి చెయ్యండి, తర్వాత చెప్పకుండా చెయ్యండి. బయటికొచ్చాక లెక్క పెట్టడానికి ఆ రోజు ఎవరెవరు వచ్చారో తెలియాలి. ఎప్పుడంటే అప్పుడు వచ్చి వెళ్లే మీలాంటి సెంటర్లకి రాకపోకల పుస్తకం ఎవరికన్నా ఎక్కువ అవసరం.

సందేహాలపుట్ట:

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. నర్సక్క గారి బోర్డు ఈరోజు నుంచే పెట్టాం. బయటి మనిషి విషయం దగ్గర మాత్రం మా ఇంకో స్నేహితుడికి కోపం వచ్చింది, "మన మీద మనకే నమ్మకం లేదా" అన్నాడు. అట్టఫైలు గారి జవాబు ఫోన్‌లో చూపించాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఒక రిటైరైన టీచర్ పేరు తనే చెప్పాడు. ఆవిడ మాకెవరికీ స్నేహితురాలు కాదు. పైగా మా పద్ధతంటే ఆవిడకి పెద్ద ఇష్టం లేదు కూడా. అందుకే బాగుంటుందనిపించింది.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. పిల్లలే ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటే అది కూడా ఇదే దారిలో వెళ్లాలా? ఈ కాగితాలన్నీ ఎక్కడ దాచాలి?

అట్టఫైలు:

ఆవిడకి మీ పద్ధతి ఇష్టం లేకపోవడం చాలా మంచిది, పట్టుకోండి.

పిల్లల మధ్య గొడవలు ఎక్కువ భాగం వాళ్ల సమావేశంలోనే తేల్చుకోనివ్వండి, అక్కడే వాళ్లు నేర్చుకునేది. ఎవరికి ఏం నష్టం జరిగింది, దాన్ని సరిచెయ్యడానికి ఏం చెయ్యాలి అని ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించడం బాగా పని చేస్తుంది, ఇద్దరూ ఒప్పుకుంటేనే. దెబ్బలు తిన్న పిల్లని బలవంతంగా కూర్చోబెట్టి క్షమించమనడం ఇంకో దెబ్బ. లైంగికమైనవి, ఫోటోలు పంచడం, పదే పదే ఒకే పిల్లని వేటాడటం, పెద్ద వయసు తేడా ఉన్నవి మాత్రం సమావేశానికి వెళ్లకూడదు. అవి నేరుగా మీ బాధ్యుడికి. వెంటపడిన పిల్లవాడు కూడా పిల్లవాడే, వాడికేం జరిగిందో కూడా ఎవరో ఒకరు అడగాలి.

కాగితాలు మామూలు ఫైళ్లతో కలపొద్దు. రక్షణకి సంబంధించినవి విడిగా, తాళంలో పెట్టండి. తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరి మీద వచ్చిన ఫిర్యాదు మాత్రం మీ టీచర్‌గారి దగ్గర ఉండాలి. కంప్యూటర్‌లో అయితే ఎవరు ఎప్పుడు తెరిచారో తెలిసేలా పెట్టుకోండి. పిల్ల వేరే చోటికి వెళ్తే ఆ ఫైలు బాధ్యుడి చేతి నుంచి అక్కడి బాధ్యుడి చేతికి వెళ్లాలి, పిల్ల సంచిలో కాదు. ఎన్నేళ్లు దాచాలో మీ దగ్గరి చట్టం చూసుకోండి. ఇలాంటివి పిల్లలు పెద్దయ్యాక చాలా ఏళ్లకి కూడా అవసరం పడతాయి, కాబట్టి తొందరపడి చింపొద్దు.

మెంటర్ల విషయంలో ఇబ్బందిగా అనిపించిన చిన్న చిన్న సంగతులకి కూడా ఒక పుస్తకం పెట్టండి. "ఎప్పుడూ అదే పిల్లని బండి మీద దింపుతున్నాడు" లాంటివి. ఒక్కోటీ విడిగా చూస్తే ఏమీ ఉండదు. మూడు వేర్వేరు మనుషులు మూడు వేర్వేరు నెలల్లో రాసినవి పక్కపక్కన పెడితేనే కనపడుతుంది. మెంటర్ తన గురించి తానే రాసుకోవచ్చని కూడా చెప్పండి: "ఈరోజు వాన పడుతోంది, వేరే దారి లేక ఫలానా పిల్లని నేనే దింపాను" అని. మంచి మెంటర్లు వారంలోపే అలవాటు పడతారు.

డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. నాలుగు పేజీలు దాటితే చదవను.